జర్నల్ నడపడం ఎవరు నేర్పుతారు?



పీహెచ్‌డీలో చేరిన ప్రతి విద్యార్థీ ఇవాళ ఒక కోర్సు తప్పనిసరిగా పూర్తి చేయాలి. పరిశోధన, ప్రచురణల నైతికత దాని విషయం. 2019 డిసెంబరులో యూజీసీ దీన్ని తెచ్చింది. రెండు క్రెడిట్లు, 30 గంటలు, ఆరు యూనిట్లు. అందులో 4 గంటలు అచ్చంగా ఓపెన్ యాక్సెస్ ప్రచురణకే కేటాయించారు. ఏ ప్రచురణ సంస్థ రచయిత దగ్గర ఏ హక్కులు తీసుకుంటుంది, మన పత్రాన్ని మనం ఎక్కడెక్కడ పెట్టుకోవచ్చు, నకిలీ జర్నల్‌ని ఎలా పసిగట్టాలి, ఇవన్నీ స్కాలర్ నేర్చుకోవాలి. బాగానే ఉంది. మరి ఆ స్కాలర్ పంపిన పత్రాన్ని అవతల అందుకునే మనిషి సంగతేమిటి? జర్నల్ పెట్టినాయన, ఎడిటర్ కుర్చీలో కూర్చున్నావిడ ఏం నేర్చుకుని కూర్చోవాలి? ఏమీ అక్కర్లేదు. ఒక డొమైన్ పేరు కొనుక్కుని నాలుగు పేజీల వెబ్‌సైటు చేయించుకుంటే ఎవరైనా ఎడిటరే. రాసేవారికి శిక్షణ తప్పనిసరి చేశాం, ప్రచురించేవారిని మాత్రం వాళ్ల మానాన వదిలేశాం. ఈ పూట నేను మాట్లాడేది ఈ రెండోవారి గురించి, వాళ్లకు ఇంటి దగ్గరే అందుతున్న ఆన్‌లైన్ శిక్షణ గురించి.

ఓపెన్ యాక్సెస్ సంగతి కొత్తగా వింటున్నవారి కోసం ముందు కాస్త నేపథ్యం చెబుతాను. పరిశోధనకు డబ్బు చాలావరకు ప్రజలది. పత్రం రాసిన ప్రొఫెసర్‌కు జర్నల్ పైసా ఇవ్వదు. దాన్ని చదివి తప్పొప్పులు చెప్పే రివ్యూయర్‌కూ ఇవ్వదు. అచ్చయ్యాక మాత్రం అదే పత్రాన్ని అదే యూనివర్సిటీ లైబ్రరీ చందా కట్టి కొనుక్కోవాలి. ఇదేం న్యాయమని అడిగినవాళ్లంతా కలిసి 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ పేరుతో ఒక ప్రకటన విడుదల చేశారు. పరిశోధన పత్రాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునేలా, తిరిగి వాడుకునేలా ఉండాలన్నది దాని సారం. పెద్ద ప్రచురణ సంస్థలు కొన్నాళ్లు ఎదురు నిలిచి, తర్వాత సరేనన్నాయి. సరేనని బిల్లును పాఠకుడి దగ్గర నుంచి తీసి రచయిత చేతిలో పెట్టాయి. నేచర్ పత్రిక 2020లో ప్రకటించిన రుసుము ఒక్కో పత్రానికి 9,500 యూరోలు. రూపాయల్లో ఎనిమిది లక్షలు దాటుతుంది. మన జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కు అది చిన్న మొత్తం కాదు.

అయితే ఇంకో దారి కూడా ఉంది. పాఠకుడూ కట్టడు, రచయితా కట్టడు. యూనివర్సిటీయో, పండితుల సంఘమో, కాలేజీయో ఆ కాస్త ఖర్చు భరిస్తుంది. దీన్ని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఇలాంటి జర్నళ్లు ప్రపంచంలో 17 వేల నుంచి 29 వేల దాకా ఉండొచ్చని అంచనా వేసింది. చాలావరకు చిన్నవి, ఏడాదికి కొద్ది పత్రాలు మాత్రమే వేసేవి, జీతం లేని మనుషులు సాయంత్రం పూట కూర్చుని నడిపేవి.

మన దేశం ఇందులో వెనకబడి మొదలైందేమీ కాదు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తన పత్రికలను చాలా ముందుగానే తన సైటులో ఉచితంగా పెట్టింది. సీఎస్‌ఐఆర్ పత్రికలు ఎవరైనా దించుకోవచ్చు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2009లోనే తన శాస్త్రవేత్తల పత్రాలు అందరికీ అందాలని నిర్ణయం చేసింది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13 వేల జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు తెప్పిస్తోంది. చదవడానికి ఇది గొప్ప వసతే, కాదనను. కానీ ఆ డబ్బు చాలావరకు వేరేవాళ్ల జర్నళ్లు చదవడానికే. మన జర్నళ్లు మనం సరిగ్గా నడపడానికి అందులో వందో వంతు విడిగా తీసి ఉంచినా ఎంత పని జరిగేదో.

నేర్పేవాళ్లు లేనిచోట ఏం జరిగిందో చూద్దాం. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే విలేకరి ఒక దొంగ పత్రం తయారుచేశాడు. ఒక నాచులాంటి జీవిలోంచి క్యాన్సర్ మందు తీశామని అందులో ఉంటుంది. కాస్త సైన్సు చదివిన ఏ రివ్యూయర్ అయినా పట్టుకోగలిగిన తప్పులు కావాలనే పెట్టాడు. రచయితల దగ్గర రుసుము వసూలు చేసే 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు అంగీకరించాయి, 98 మాత్రమే తిప్పికొట్టాయి. అతను ఎంచుకున్న జర్నళ్లలో దాదాపు మూడో వంతు మన దేశానివి. అందులో 64 ఒప్పుకున్నాయి, 15 మాత్రమే కాదన్నాయి. చందా జర్నళ్లకు కూడా అదే పత్రం పంపి చూడాల్సిందని అప్పట్లో విమర్శ వచ్చింది. నాకూ అది న్యాయమైన విమర్శే అనిపిస్తుంది. అయినా ఆ 64 అంకె మాత్రం మన ముఖం మీద అలాగే ఉండిపోయింది. తర్వాత హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ, అంటే తోటి పరిశోధకుల సమీక్ష, సరిగ్గా జరపకుండానే జరిపామన్నారని, రుసుము సంగతి ముందు చెప్పలేదని, అడగకుండానే శాస్త్రవేత్తల పేర్లు ఎడిటర్లుగా వేసుకున్నారని ఆరోపణలు. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది.

ఇలాంటివి విన్నాక మనలో చాలామంది ఓపెన్ యాక్సెస్ అంటేనే డబ్బు తీసుకుని అచ్చేసే వ్యవహారమని తీర్మానించేసుకున్నారు. నేను ఒప్పుకోను. మోసం చేయాలని పెట్టిన జర్నళ్లు కొన్ని ఉన్నాయి. వాటికి ఏ శిక్షణా పనికిరాదు, పోలీసులూ కోర్టులూ చూసుకోవాలి. కానీ మన కాలేజీల్లో, యూనివర్సిటీ శాఖల్లో మంచి ఉద్దేశంతోనే మొదలై, పద్ధతి తెలియక చెడ్డపేరు తెచ్చుకున్న పత్రికలు వాటికంటే చాలా ఎక్కువని నా అభిప్రాయం. జాతీయ సదస్సు పెడతారు. వచ్చిన పత్రాలన్నీ కలిపి సంచిక వేస్తారు. రిజిస్ట్రేషన్ రుసుములోనే అచ్చు ఖర్చు కలిపేస్తారు. పంపిన ప్రతి పత్రమూ అచ్చవుతుంది, ఎందుకంటే డబ్బు కట్టిన మనిషికి కాదని చెప్పడం ఎలాగో తెలియదు. మీద ఐఎస్ఎస్ఎన్ నంబరు వేసి ‘అంతర్జాతీయ’ అని రాస్తారు. ఐఎస్ఎస్ఎన్ అనేది ఆ పత్రిక పేరును గుర్తుపట్టడానికి ఇచ్చే ఎనిమిది అంకెల సంఖ్య మాత్రమే. అది నాణ్యతకు ముద్ర కాదు, ఉచితంగా ఇస్తారు, ఢిల్లీలో దానికి జాతీయ కేంద్రం ఉంది. ఈ చిన్న విషయం తెలియని ఎడిటర్లు ఎంతమందో, తెలిసీ తెలియనట్టుండేవారు ఎంతమందో.

ఇక శిక్షణ దగ్గరికి వస్తాను. కెనడాలో జాన్ విలిన్‌స్కీ అనే విద్యాశాస్త్ర ఆచార్యుడు 1998లో పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. క్లుప్తంగా పీకేపీ అంటారు. అక్కడి సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ దానికి ఇల్లు. వాళ్లు చేసిన ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఓజేఎస్ అనే పేరుతో కాలేజీ లైబ్రేరియన్లకు బాగా పరిచయం. 2020 నాటికి దీనిమీద చురుగ్గా నడుస్తున్న జర్నళ్లు 25 వేలకు పైగా, 136 దేశాల్లో ఉన్నట్టు లెక్క తేలింది. అందులో అయిదింట నాలుగు వంతులు మనలాంటి దేశాలవే. ఇండోనేసియా ఒక్కటే అందరికంటే ముందుంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు పీకేపీ స్కూల్ అని ఆన్‌లైన్ బడి కూడా పెట్టారు. జర్నల్‌ను ఏర్పాటు చేయడం ఎలా, పత్రం వచ్చినప్పటి నుంచి అచ్చయ్యేదాకా ఏయే పనులు జరగాలి, ఎడిటర్ కావడమంటే ఏమిటి, ఇలా విడివిడి కోర్సులు. రుసుము లేదు. మన వీలు చూసుకుని చదువుకోవచ్చు.

ఆ కోర్సుల్లో నాకు నచ్చేది వాటి బోధన కంటే వాటి వెనకున్న క్రమం. ఓజేఎస్‌లో పత్రం నాలుగు మెట్లు దాటాలి. సమర్పణ, సమీక్ష, కాపీ ఎడిటింగ్, చివరికి పేజీల తయారీ. ఒక మెట్టు దాటకుండా ఇంకో మెట్టు ఎక్కితే ఆ దాటవేత రికార్డులో కనబడుతుంది. ఎవరు ఎప్పుడు ఏ నిర్ణయం తీసుకున్నారో అందులో నమోదవుతుంది. మన దగ్గర ఇదంతా ఎడిటర్ గారి వాట్సాప్‌లోనో, ఇంకొకరి పెన్‌డ్రైవ్‌లోనో ఉంటుంది. ఆయన రిటైరైతే జర్నల్ జ్ఞాపకం కూడా రిటైరైపోతుంది.

పీర్ రివ్యూ విషయంలో కోర్సు నేర్పే సంగతులు వింటే చిన్నవిగా అనిపిస్తాయి. రచయిత పేరు రివ్యూయర్‌కు తెలియకూడదు అని మనందరికీ తెలుసు. అందుకని మొదటి పేజీలో పేరు కొట్టేసి ఫైలు పంపేస్తాం. వర్డ్ ఫైల్లో ప్రాపర్టీస్ తెరిచి చూస్తే అక్కడ రచయిత పేరు నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. ‘నా గత పత్రంలో చెప్పినట్టు’ అని లోపల ఒక వాక్యం ఉంటుంది. రెండూ తీసేయకుండా రహస్య సమీక్ష అని చెప్పుకోవడం అబద్ధమే. రివ్యూయర్‌కు ఎన్ని వారాలు గడువివ్వాలి, ఎన్నిసార్లు గుర్తుచేయాలి, ఇద్దరు రివ్యూయర్లు ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెమంటే ఏం చేయాలి, ఇలాంటివన్నీ అక్కడ ఉదాహరణలతో చర్చకు వస్తాయి. పీహెచ్‌డీలో ఇవెవరూ చెప్పలేదు, ప్రొఫెసర్ అయ్యాక అడగడానికి మొహమాటం. ఇంట్లో కూర్చుని, ఎవరికీ తెలియకుండా నేర్చుకునే వీలు ఆన్‌లైన్ చదువుకు ఉన్న పెద్ద సుగుణం. మన ప్రొఫెసర్లకు ఇది మరీ అవసరమని నా అనుమానం.

తర్వాత లైసెన్సు. చాలా తెలుగు జర్నళ్లు పత్రాలన్నీ ఉచితంగా పెట్టి, అడుగున ‘సర్వహక్కులూ ఎడిటర్‌వి’ అని రాస్తాయి. ఇది తలుపులు బార్లా తీసి గడప మీద ‘లోపలికి రావద్దు’ అని బోర్డు పెట్టినట్టు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచీ ఉన్నాయి. రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చా, వ్యాపారానికి వాడుకోవచ్చా, మార్చుకోవచ్చా అన్నవి స్పష్టంగా చెప్పే కాగితాలవి. ఏది ఎంచుకోవాలన్నది ఎడిటోరియల్ బోర్డు కూర్చుని తేల్చుకోవాలి. పాఠ్యపుస్తకాల వాళ్లు పత్రం ఎత్తుకుని అమ్ముకుంటే ఫర్వాలేదా అన్న ప్రశ్న దగ్గర బోర్డు సభ్యులు తప్పకుండా కొట్లాడుకుంటారు. కొట్లాడుకోవాలి కూడా.

డీఓఐ సంగతి క్లుప్తంగా చెబుతాను. పత్రానికి శాశ్వత చిరునామా అది. జర్నళ్లకు ఎక్కువగా 2000లో మొదలైన క్రాస్‌రెఫ్ అనే సంస్థ ద్వారా వస్తుంది. ఏటా సభ్యత్వ రుసుముతో పాటు కొత్త పత్రానికి ఒక డాలరు చొప్పున కట్టాలి. సాఫ్ట్‌వేర్ ఉచితమైనంత మాత్రాన జర్నల్ ఉచితం కాదు. సర్వర్‌కు డబ్బవుతుంది, దాన్ని చూసుకునే మనిషి కావాలి. బడ్జెట్ లేకుండా ఉత్సాహంతో మొదలైనవి ఎలా ముగుస్తాయో కూడా లెక్క ఉంది. 2000 నుంచి 2019 వరకు ఇంటర్నెట్ నుంచి పూర్తిగా మాయమైపోయిన ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు 170కి పైగా ఉన్నాయని ఐరోపా పరిశోధకులు తేల్చారు. డొమైన్ పేరుకు రుసుము కట్టడం మరిచిపోతే చాలు, అన్నేళ్ల సంచికలూ ఒక్క రాత్రిలో పోతాయి. దీనికి మందుగా పత్రాల ప్రతులను పలు చోట్ల దాచే ఏర్పాట్లున్నాయి. పీకేపీకే అలాంటి భద్రపరిచే వ్యవస్థ ఒకటి ఉంది. కోర్సులో ఆ పాఠం వచ్చేసరికి చాలామంది అలసిపోయి ఉంటారు గానీ, దాన్ని మాత్రం వదలకూడదు.

జర్నల్ కాస్త నిలదొక్కుకున్నాక అందరూ చేరాలనుకునేది డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌లో. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో 2003లో 300 జర్నళ్లతో మొదలై ఇప్పుడు 20 వేలు దాటింది. దరఖాస్తుకు డబ్బు తీసుకోరు. నియమాలు మాత్రం గట్టివి. అందులో ఒకటి విన్నాక మన కాలేజీ పత్రికల వాళ్లకు కుర్చీలో కదలాలనిపిస్తుంది. ఎడిటర్లూ బోర్డు సభ్యులూ రివ్యూయర్లూ స్వయంగా రాసిన పత్రాలు ఒక సంచికలో నాలుగో వంతు మించకూడదు. గత రెండు సంచికలూ తీసి చూస్తారు. శాఖాధిపతి పత్రం, ఆయన స్కాలర్ పత్రంలో మళ్లీ ఆయన పేరు, బోర్డులోని ముగ్గురు మాస్టార్ల పత్రాలు, అన్నీ కలిపి సంచిక నిండిపోయే అలవాటున్న చోట ఈ ఒక్క నియమంతోనే ఇంటి లెక్కలన్నీ మారిపోవాలి. ఏడాదికి కనీసం అయిదు పరిశోధన పత్రాలు, ప్రతి పత్రానికీ స్వతంత్రులైన ఇద్దరు రివ్యూయర్లు కూడా ఉండాలి.

తెలుగులో పరిశోధన పత్రికలు తెచ్చేవారికి ఏ కెనడా కోర్సూ చెప్పని సమస్య ఇంకొకటి ఉంది. అను ఫాంట్లు. ఇప్పటికీ ఎన్నో సాహిత్య, చరిత్ర పత్రికల డీటీపీ పేజ్‌మేకర్‌లో, అను అక్షరాల్లో జరుగుతుంది. పీడీఎఫ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి వస్తుంది. అంటే గూగుల్‌కు ఆ పత్రం తెలుగుగా కనబడదు. పాల్కురికి సోమన మీద ఎంత గొప్ప పత్రం రాసినా ‘పాల్కురికి’ అని వెతికినవాడికి దొరకదు. ఇలాంటి పత్రం పేరుకే తెరిచి ఉంటుంది. మూలప్రతిని యూనికోడ్‌లో తీసుకోవడం, శీర్షిక, సారాంశం, రచయిత పేరు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ విడిగా నింపడం, ఈ రెండూ చేస్తే సగం జబ్బు నయమవుతుంది. ఈ పాఠం తెలుగులో, తెలుగు ఎడిటర్ల కోసం ఒకరు తయారుచేయాలి. అరగంట వీడియో చాలు. తెలుగు విశ్వవిద్యాలయాలూ లైబ్రరీ సైన్సు శాఖలూ తలుచుకుంటే పెద్ద పనేమీ కాదు. యునెస్కో 2015లో ఢిల్లీలోని కామన్వెల్త్ ఎడ్యుకేషనల్ మీడియా సెంటర్‌తో కలిసి లైబ్రరీ విద్యార్థులకు, పరిశోధకులకు ఓపెన్ యాక్సెస్ పాఠ్యప్రణాళిక తెచ్చింది. వాడుకోవడానికి అనుమతి కూడా ఉంది. కనీసం దానిలోంచి ఎంచుకుని మన ఉదాహరణలు చేర్చుకోవచ్చు.

ఆన్‌లైన్ శిక్షణ అన్నిటికీ మందు అని నేననను. చేరినవాళ్లలో చివరిదాకా నిలిచేవారు తక్కువ అన్నది ఇలాంటి చదువులన్నిటికీ ఉన్న జబ్బే. ఇంగ్లండులోని ఇనాస్ప్ సంస్థ ఆథర్ ఎయిడ్ పేరుతో నడిపిన కోర్సుల్లో దీనికి ఒక ఉపాయం చేశారు. వారాల లెక్కన గడువులు పెట్టి, ఒకరు రాసిన సారాంశాన్ని ఇంకొకరు దిద్దేలా, అడిగితే జవాబిచ్చే అనుభవజ్ఞులు పక్కనే ఉండేలా ఏర్పాటు చేశారు. ఆ కోర్సులు రచయితల కోసం పెట్టినవి. ఎడిటర్లకూ అదే పద్ధతి కావాలి. సాఫ్ట్‌వేర్ ఒంటరిగా నేర్చుకోవచ్చు. కానీ ఒక పత్రం పరిశోధనా, పాత పుస్తకాల నుంచి ఎత్తిరాతా అని తూకం వేయడం ఒంటరిగా రాదు. అది నలుగురూ ఒకే పత్రాన్ని చదివి, ఎవరి అభిప్రాయం వాళ్లు రాసి, పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటే వస్తుంది.

ఇది ఇప్పుడే ఎందుకంటే, ఇన్నాళ్లూ మంచి జర్నళ్లేవో యూజీసీ కేర్ జాబితా చెప్పేది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. జర్నళ్లను ఎలా ఎంచుకోవాలో సూచనలిచ్చి, నిర్ణయం విద్యాసంస్థలకే వదిలేసింది. జాబితాలో పేరుందని చెప్పుకునే వీలు ఇక ఎడిటర్లకు లేదు. తమ పద్ధతి ఏమిటో తామే చూపించుకోవాలి. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ముందు పత్రం అచ్చయి తీరాలన్న షరతు కూడా పోయింది. అంటే తొందరపెట్టి పత్రం వేయించుకునే రద్దీ కాస్త తగ్గడానికి అవకాశం ఉంది. పని నేర్చుకోవడానికి ఎడిటర్లకు ఇంతకంటే మంచి సమయం దొరకదు.

మీ కాలేజీలో జర్నల్ ఉంటే, లేదా పెట్టాలని ఉంటే, ఒక్కరే కోర్సులో చేరకండి. లైబ్రేరియన్‌తో కలిపి ముగ్గురో నలుగురో ఒకేసారి చేరండి. లైబ్రేరియన్‌ను తప్పకుండా కలుపుకోండి, ఎందుకంటే డీఓఐ, ఐఎస్ఎస్ఎన్, భద్రపరచడం లాంటివి మనలో ఎవరికైనా ముందే తెలిసి ఉంటే ఆ మనిషికే తెలిసి ఉంటాయి. ముందు ఎడిటర్ పని గురించిన కోర్సు, తర్వాతే సాఫ్ట్‌వేర్ కోర్సు. మనవాళ్లు దీన్ని తిరగేస్తారు, సైటు తయారయ్యాక ఎడిటింగ్ గురించి ఆలోచిస్తారు. ప్రయోగానికి ఒక ఓజేఎస్ పెట్టుకుని మీలో ఒకరు పత్రం పంపండి, ఇంకొకరు రివ్యూ చేయండి, మూడోవారు నిర్ణయం రాయండి. ఆ నిర్ణయం తిరస్కారమే కావాలని ముందే అనుకోండి. పంపేది మీ శాఖలో అందరికంటే సీనియర్ అయితే మరీ మంచిది. ఆయనకు, ఆయన పత్రంలో ఏం లోపించిందో కారణాలతో, మర్యాదగా, రేపు కారిడార్‌లో ఎదురుపడినా తల దించుకోనక్కర లేకుండా ఒక ఉత్తరం రాయండి. ఒక్క పేజీ సరిపోతుంది. అది రాయడానికి సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నదానికంటే ఎక్కువ రోజులు పడితే కంగారు పడకండి.